నీళ్ళు నిలవని మడి

చంద్రరావు చదును చేసిన మడిలో నీళ్ళు పెడితే, ఈ గట్టు దగ్గర చీలమండ మునిగితే ఆ గట్టు దగ్గరా చీలమండే మునగాలి. పిక్క దాకా వచ్చిందంటే అది చంద్రరావు చేసిన మడి కాదు. రామచంద్రపురం చుట్టుపక్కల పదిహేను ఊళ్ళలో నలభై ఏళ్ళుగా నడిచిన మాట ఇది. ఆకుమడిలో విత్తనం చల్లాలన్నా, ఊడ్పులకి ముందు దమ్ము చేసి మట్టిని వెన్నలా సర్దాలన్నా ముందు చంద్రరావుకి కబురు వెళ్ళేది. ఆయన పంచె ఎగ్గట్టి మడిలో దిగి, తూర్పుకి తిరిగి ఒక దణ్ణం పెట్టుకుని, చదునుబల్ల పట్టుకునేవాడు. కొలబద్ద ఉండేది కాదు, దారమూ ఉండేది కాదు. మడిలో రెండు వేళ్ళ నీళ్ళు పెట్టించి వాటి వంక చూసేవాడు. మట్టి ఎక్కడ తేలింది, నీరు ఎక్కడ నల్లబడింది, అంతే ఆయన చూసుకునేది.

"నాదేముందండీ, నీళ్ళు చెబుతాయి, నేను వింటాను" అనేవాడు ఎవరైనా మెచ్చుకుంటే.

మూడేళ్ళ కిందట దొరబాబు లేజర్ లెవెలర్ కొన్నాడు. ట్రాక్టరు వెనక వెడల్పాటి బ్లేడు, గట్టు మీద మూడు కాళ్ళ స్టాండు, దాని నెత్తిన గిరగిరా తిరిగే దీపం. దీపం చెప్పినట్టు బ్లేడు లేస్తుంది, దిగుతుంది. దొరబాబు సీటులో కూర్చుని ఫోను మాట్లాడుకుంటాడు. అతను చంద్రరావుకి వరసకి అన్న కొడుకు. మంచివాడే. మిషను వచ్చిన రోజున కొబ్బరికాయ కొట్టడానికి చంద్రరావునే పిలిచాడు. చంద్రరావు కొట్టాడు. కాయ చక్కగా రెండు చెక్కలైంది. ఆ ఏటి నుంచి చంద్రరావుని ఎవరూ పిలవలేదు.

చదునుబల్ల పశువుల సావిట్లో చూరుకింద ఉండిపోయింది. ఏటా దసరాకి దానికి పసుపు రాసి బొట్టు పెడుతూనే ఉన్నాడు. పని లేని పనిముట్టుకి పూజ చేస్తుంటే అమ్మవారు లోపల్లోపల నవ్వుకుంటుందేమో అని ఒక సందేహం ఉండేది. భార్య వీరవేణిని అడిగాడు.

"మీకూ పనిలేదు. మీకు రోజూ అన్నం పెట్టడంలేదా నేను?" అంది వీరవేణి.

అలా ఉండగా ఈ ఏడు వైశాఖంలో డాక్టరు శివరామకృష్ణగారి దగ్గర నుంచి కబురొచ్చింది. ఆయన ఎముకల డాక్టరు. ఇరవై ఏళ్ళు విశాఖపట్నంలో ఉండి, తల్లి సంపూర్ణమ్మగారు ఈ ఊరు వదిలి రానని భీష్మించడంతో, తానే వచ్చి సొంత ఇంటి ముందు గదుల్లో ఆసుపత్రి పెట్టుకున్నారు. కిందటేడు వీరవేణి మోకాలు బాగుచేసింది ఆయనే.

చంద్రరావు వెళ్ళేసరికి డాక్టరుగారు పెరట్లో నిలబడి ఉన్నారు. వెనక వసారాలో వాలుకుర్చీలో సంపూర్ణమ్మగారు కూర్చుని ఉన్నారు. ఆవిడకి ఎనభై నాలుగు. చంద్రరావుని నిక్కరు వేసుకునే రోజుల నుంచి ఎరుగుదురు.

"ముందు దొరబాబుని పిలిచానండి చంద్రరావుగారూ" అన్నారు డాక్టరుగారు దాపరికం లేకుండా. "మన సందు నాలుగున్నర అడుగులు, ఆయన ట్రాక్టరు ఆరు. మా బాబాయి ఉన్నాడండి, సందులో పడతాడు అన్నాడు."

"ఆయ్" అన్నాడు చంద్రరావు. "పడ్డానండి."

"నాకు ఇక్కడ ఒక పటింగ్ గ్రీన్ కావాలి. నలభై అడుగుల పొడుగు, పాతిక వెడల్పు. గోల్ఫ్ ఆట చూశారా ఎప్పుడైనా?"

"టీవీలో చానెలు మారుస్తుంటే ఒకసారి తగిలిందండి. ఒకాయన చాలాసేపు నిలబడ్డాడు."

"అదే. అందులో చివరి భాగం ఇది. బంతిని కర్రతో మెల్లగా తోసి కన్నంలో వేస్తారు."

"ఆయ్. కన్నంలో పడ్డాక ఏం చేస్తారండి?"

"తీసుకుంటాం."

సంపూర్ణమ్మగారు కుర్చీలోంచి ముందుకు వంగారు. "అడగరా చంద్రావూ, మళ్ళీ తీసుకునేదానికి వెయ్యడం ఎందుకని. నాలుగు రోజుల్నుంచి అడుగుతున్నాను, చెప్పడు."

డాక్టరుగారు ఆ మాట విననట్టే ఉండి, నేల అద్దంలా ఉండాలన్నారు. పైన గరిక పరుస్తామన్నారు.

"గరికండీ?"

"గరికే. కాస్త సన్న రకం. కడియం నర్సరీ నుంచి చాపలుగా చుట్టి పంపుతారు."

చంద్రరావుకి గట్ల మీద నుంచి, కాలవ అంచుల నుంచి, కొబ్బరి చెట్ల మొదళ్ళ నుంచి తన జన్మలో పీకి పారేసిన గరిక ఒక్కసారి కళ్ళముందు కుప్పగా కనబడింది. వినాయకుడికి ఇష్టమైన పత్రి గనక పీకినప్పుడల్లా మనసులో ఒక క్షమాపణ చెప్పుకునేవాడు. డాక్టరుగారు దాన్ని చాపలుగా కొని తెప్పిస్తున్నారు. ఇందులో దేవుడి ఉద్దేశం ఏమైనా ఉందా అని ఆలోచించాడు. ఉంటే తనకి అందలేదు.

మర్నాడు డాక్టరుగారు ఒక కాగితం చేతికిచ్చి, వారం రోజులు ఏదో సమావేశానికి చెన్నై వెళ్ళిపోయారు. పని చేసేవాళ్ళకి కావలసినవి చూడమని ఆసుపత్రిలో టోకెన్లు ఇచ్చే తబితకి చెప్పి వెళ్ళారు.

కాగితంలో ఇలా ఉంది. అడుగున్నర లోతు తవ్వాలి. అడుగున ఉన్న నేలకి వాలు ఇవ్వాలి. పైపు వేయాలి. దాని మీద నాలుగంగుళాలు కంకర, ఆ మీద అడుగు ఇసుక, ఆ పైన గరిక.

తవ్వకం సులువుగానే అయింది. కింద నల్లటి బంకమట్టి. పారకి పట్టుకుంటే వదలదు, తడిస్తే సబ్బు, ఎండితే ఇటుక. చంద్రరావుకి బాగా తెలిసిన మట్టి. అది చూడగానే ప్రాణం లేచొచ్చింది. కాగితం తీసి ఇంకోసారి చదివాడు. వాలు అన్న మాట దగ్గర ఆగాడు. నోటితో అద్దంలా అన్నారు, కాగితం మీద వాలు అని రాశారు. వాలు ఉంటే అద్దం ఎలా అవుతుంది? తొందరలో ఏదో రాసి ఉంటారు. పెద్దమనిషి నోటి మాటకే విలువ ఇవ్వాలి అనుకున్నాడు. పైపు సంగతి మాత్రం ఆయనకి వెంటనే అర్థమైంది. మడి అన్నాక నీళ్ళు వచ్చే తూము ఉండాలి. బోరు నుంచి పైపు వేయించి, ఒక మూల లోపలికి పెట్టించాడు.

తర్వాత తనకు చేతనైనది చేశాడు. గుంటలో నీళ్ళు పెట్టించాడు. ఇద్దరు కూలీలతో కలిసి రెండు రోజులు కాళ్ళతో తొక్కి దమ్ము చేశాడు. చూరు కింది చదునుబల్ల దించి, కడిగి, దణ్ణం పెట్టుకుని లాగాడు. మూడేళ్ళ తరవాత చేతులకి మళ్ళీ ఆ బరువు తగిలింది. చుట్టూ జానెడు గట్టు పోశాడు. గట్టు లేని మడి, మొలతాడు లేని పిల్లాడు లాంటిదని ఆయన అభిప్రాయం. ఆరాక ఒక చెంబు నీళ్ళు పోసి చూశాడు. నీళ్ళు నాలుగు వైపులా సమానంగా పరుచుకుని, అక్కడే కూర్చున్నాయి. సాయంత్రానికీ అక్కడే ఉన్నాయి. ఒక్క చుక్క కిందికి దిగలేదు.

అన్నం క్యారియరు తెచ్చిన వీరవేణి గట్టు మీద నిలబడి చూసింది. "ఎంత బాగుందండీ! వరి వేసుకోవచ్చు."

"ఊరుకో. ఇది ఆటస్థలం" అన్నాడు చంద్రరావు. కాని లోపల సంతోషించాడు.

ఆ మీద కంకర, ఇసుక పడ్డాయి. డాక్టరుగారు వచ్చేసరికి గరిక చాపలు కూడా పరిచేశారు. కింద ఏముందో ఆయన చూడలేదు. పైన చూసి ఉబ్బిపోయారు. బంతి పెట్టి తోశారు. బంతి గీత గీసినట్టు వెళ్ళి కన్నంలో పడింది. మళ్ళీ తోశారు, మళ్ళీ పడింది. దొరబాబు కూడా చూడ్డానికి వచ్చాడు. మోకాళ్ళ మీద కూర్చుని, చెంప నేలకి ఆనించి, ఒంటి కన్నుతో ఆ చివర దాకా చూశాడు.

"బాబాయ్, నా దీపం కూడా ఇంత చెయ్యదు" అన్నాడు.

చంద్రరావు ఆ మాటని ఇంటికి తీసుకెళ్ళి, పూజగదిలో దీపం పెడుతూ ఒకసారి, అన్నం తింటూ ఒకసారి, పడుకునే ముందు ఒకసారి తలుచుకున్నాడు. గర్వం మంచిది కాదని ఎరుగును గనక నాలుగోసారి తలుచుకోలేదు.

మృగశిర కార్తె వచ్చింది. రెండు రోజులు కుండపోతగా వాన కురిసింది. మూడో రోజు పొద్దున్న తబిత ఫోను చేసింది.

"చంద్రరావుగారూ, డాక్టరుగారు ఒకసారి రమ్మంటున్నారండి."

"ఏంటమ్మా, ఏమైనా పాడైందా?"

"పాడవలేదండి. నిండింది."

చంద్రరావు వెళ్ళి చూశాడు. గోల్ఫ్ మడి నిండా నీళ్ళు. గరిక నీళ్ళ కింద పచ్చగా ఊగుతోంది. ఆయన చెప్పులు విడిచి దిగాడు. చీలమండ. ఆ చివరికి నడిచాడు. అక్కడా చీలమండే. నాలుగు మూలలా చూశాడు, ఎక్కడా వేలెడు తేడా లేదు. అంత దిగుల్లోనూ ఆయన మనసులో ఒక మూల, ఇంత చక్కటి చదును ఈ మధ్య ఎవరూ చేసి ఉండరు అన్న మాట మెదిలింది. దాన్ని అక్కడే తొక్కేశాడు.

బంతి కన్నంలోంచి ఒక కప్ప తల పైకి పెట్టి ఆయన్ని చూసి, మళ్ళీ లోపలికి వెళ్ళింది.

"ఊడ్పులెప్పుడురా?" అన్నారు సంపూర్ణమ్మగారు వసారాలోంచి.

ఆసుపత్రి కిటికీలోంచి తబిత కేకేసింది. "డాక్టరుగారు పేషెంట్లని చూస్తున్నారండి! ఈలోగా కప్పల్ని మీరు చూడమన్నారు!"

వాన వెలిసింది. నీళ్ళు మాత్రం కదల్లేదు. గట్టు తెగ్గొడితే పైనున్నవి పోయాయి గాని, ఇసుకలో ఇమిడినవి కిందికి దిగే దారి లేక అక్కడే ఉండిపోయాయి. అడుగు పెడితే బూరెలో వేలు పెట్టినట్టు దిగబడేది. పైన ఎండ, కింద తడి, మధ్యలో గరిక ఉడికింది. నాలుగో రోజుకి పసుపు మచ్చలు వచ్చాయి. వాటి మీద తెల్లగా సాలెగూడులాంటి బూజు పట్టింది. డాక్టరుగారు ఫోనులో చూసి ఆ బూజుకి ఒక పేరు చెప్పారు. పేరు పెద్దది. గరిక చిన్నది.

అప్పుడు కాగితం తెచ్చి చూపించుకున్నారు ఇద్దరూ. డాక్టరుగారు వాలు ఎందుకో చెప్పారు. పైపు నీళ్ళు రావడానికి కాదు, పోవడానికన్నారు. చంద్రరావు తలవంచుకుని నిలబడ్డాడు. ఆయన తిట్టి ఉంటే బాగుండేది. కాని డాక్టరుగారు తిట్టే మనిషి కాదు.

"తప్పు నాదేనండి. దగ్గరుండి చెప్పవలసింది. పోనీ, సందులో పట్టే చిన్న మిషను ఒకటి రాజమండ్రిలో ఉందని దొరబాబు అంటున్నాడు. దాన్ని రప్పిద్దాం లెండి. మీరు శ్రమపడకండి."

మీరు శ్రమపడకండి అన్న మాట చంద్రరావుకి ఎక్కడ తగలాలో అక్కడ తగిలింది. ఇక ఈ సందులో కూడా తను అక్కర్లేదన్న మాట. నాలుగున్నర అడుగుల సందు ఒక్కటే మిగిలింది ఆయనకి ఈ లోకంలో. అదీ పోతోంది.

"పది రోజులివ్వండి డాక్టరుగారూ. నేనే చెడగొట్టాను, నేనే బాగుచేస్తాను. పదకొండో రోజున మిషను రప్పించండి, నేనే ఎదురెళ్ళి కొబ్బరికాయ కొడతాను."

డాక్టరుగారు ఒప్పుకున్నారు.

మాటైతే ఇచ్చాడు గాని ఎలా చెయ్యాలో చంద్రరావుకి తెలియదు. నలభై ఏళ్ళు ఆయన నేర్చిందంతా నీళ్ళని ఆపడం. రైతు దగ్గరకొచ్చిన నీటిచుక్క మళ్ళీ గట్టు దాటిపోతే అది పాపంలాంటిది. ఇప్పుడు నీళ్ళని మర్యాదగా సాగనంపాలి. వచ్చిన అతిథిని కూర్చోబెట్టడం తప్ప లేపడం తెలియని మనిషి ఆయన.

ఇంటికొచ్చి అరుగు మీద కూర్చున్నాడు. వీరవేణి తులసికోట దగ్గర వంగి, అడుగున ఏదో కెలుకుతోంది.

"ఏం చేస్తున్నావు?"

"చిల్లు పూడిపోయిందండి. నీరు పోవడం లేదు. తులసమ్మ ఆకులు రాలుస్తోంది." చీపురుపుల్లతో పొడిచింది. కోట అడుగున కన్నంలోంచి నల్లటి నీళ్ళు కారాయి.

చంద్రరావు లేచి వెళ్ళి పక్కన కూర్చున్నాడు. "మట్టి కారిపోదూ?"

"చిల్లు మీద పెంకుముక్క బోర్లించాను కదా. దాని మీద గులకరాళ్ళు, ఆ మీద ఇసక, ఆ మీద మట్టి. నీరు పోతుంది, మట్టి ఉంటుంది. ఇదేం వింత, మా అమ్మ కూడా ఇలాగే పెట్టేది."

"నాకెప్పుడూ చెప్పలేదే?"

"ముప్పై అయిదేళ్ళుగా దీని చుట్టూ ప్రదక్షిణలు చేస్తున్నారు. మీరెప్పుడైనా కిందికి చూశారా?"

చంద్రరావు తులసికోట అడుగున కారుతున్న నీళ్ళని చూస్తూ ఉండిపోయాడు. అవి తొందరపడటం లేదు, ఆగటమూ లేదు.

మర్నాడు పనికి వెళ్ళే ముందు గుడికి వెళ్ళాడు. పది రోజులు వాన పడకపోతే పని అవుతుంది. ఆ మాట అడుగుదామనే వెళ్ళాడు. చేతులు జోడించాక నోరు రాలేదు. ఊరంతా ఆకుమళ్ళు పోసుకుని వాన కోసం చూస్తోంది. తనూ అర ఎకరంలో పోశాడు. నలుగురి నారూ ఎండబెట్టి నా పరువు నిలబెట్టు స్వామీ అని ఏ నోటితో అడగడం? పోనీ, రామచంద్రపురంలో ఆ ఒక్క పెరడు తప్పించి కురిపించమందామా అంటే, అంత సన్నటి పని దేవుడికి చెప్పడం కూడా మర్యాద కాదు. చివరికి కళ్ళు మూసుకుని, "నీ పని నువ్వు చెయ్యి స్వామీ, నా పని నేను చేసుకుంటాను" అని వచ్చేశాడు. అలా అనడం భక్తో, పొగరో తేలక దారంతా ఆలోచించాడు.

గరిక చాపలు చుట్టి నీడన పెట్టారు. ఇసుక ఎత్తారు, కంకర ఎత్తారు. అడుగున తను చేసిన నేల బయటపడింది. ఇంత జరిగినా అది చెక్కు చెదరలేదు, అద్దంలాగే ఉంది. చంద్రరావు గునపం పట్టుకుని దాని వంక కాసేపు చూసి, మొదటి పోటు తనే వేశాడు. కూలీలు మొహాలు చూసుకున్నారు. ఆయన చదునుని ఆయనే పగలగొట్టడం వాళ్ళు ఎప్పుడూ చూడలేదు.

పెరటి వెనక నైరుతి మూల, బాగా పల్లంలో, పొలాలకి నీళ్ళు పారే చిన్న పంటబోదె ఉంది. నీళ్ళు పోవడానికి అదే దగ్గర. ఆ వైపు వాలు పెట్టబోతుంటే వసారాలోంచి గొంతు వినబడింది.

"చంద్రావూ! అటేంట్రా నువ్వు తవ్వేది?"

"నీళ్ళు బోదెలోకి పంపుదామనండీ."

"నైరుతికా? ఇంటి యజమానికి చేటురా! నేల ఎప్పుడూ ఈశాన్యానికి వాలాలి. ఎనభై నాలుగేళ్ళొచ్చాయి, నైరుతికి నీళ్ళు పోయే పెరడు నేను ఎరగను."

"అమ్మా, బోదె అటే ఉంది" అన్నారు డాక్టరుగారు కిటికీలోంచి.

"నువ్వు ఎముకల సంగతి చూసుకో."

ఈశాన్యాన గోడ. గోడ అవతల పక్కవాళ్ళ వంటిల్లు. అటు పంపితే నీళ్ళు వాళ్ళ పొయ్యిలోకి పోతాయి. చంద్రరావు వాస్తుని కొట్టిపారేసే మనిషి కాదు. తన ఇల్లు ఆ ప్రకారమే కట్టుకున్నాడు. శాస్త్రం తప్పకూడదు, నీళ్ళు ఆగకూడదు. ఒక పూటంతా పారకి గడ్డం ఆనించి నిలబడ్డాడు. సాయంత్రం వసారా మెట్ల మీద వచ్చి కూర్చున్నాడు.

"అమ్మగారూ, ఒక ధర్మసందేహం. వాస్తు చూసేది కంటికి కనబడే నేలకాండి, దాని కింద ఉన్నదానికి కూడానా?"

సంపూర్ణమ్మగారు ఆయన్ని చాలాసేపు చూశారు. "నాకు చూపు సరిగా ఆనదురా. పైనున్నది చూస్తే గొప్ప. కింద ఏముందో నేనెక్కడ చూడొచ్చాను?"

"ఆయ్" అన్నాడు చంద్రరావు.

అలాగే చేశాడు. అడుగు నేల నైరుతికి వాలింది. దాని మధ్య చేపముల్లులా కాలవలు తీసి, చిల్లుల పైపులు పరిచి, బోదెలోకి కలిపాడు. లోపల పైపులు కలిసేచోట ఒక పెంకు బోర్లించాడు. అది అక్కర్లేదని డాక్టరుగారు అన్నారు. ఉండనివ్వండి, మా ఇంట్లో ఉందన్నాడు. కంకర, ఇసుక పోశాక పైభాగం ఈశాన్యానికి వాల్చాడు. ఆ మూల ఒక ఇంకుడుగుంత తవ్వించాడు. ఈశాన్యాన గొయ్యి, అందులో నీళ్ళు, అంతకంటే శుభం లేదని సంపూర్ణమ్మగారు సంతోషించారు.

వాలు ఎంత ఉండాలన్నదానికి డాక్టరుగారు ఒక అంకె చెప్పారు. చంద్రరావు విన్నాడు గాని నమ్మలేదు. తనకి అలవాటైనవాళ్ళనే అడిగాడు. చెంబుతో నీళ్ళు పోసి, పక్కన గొంతుకూర్చుని చూశాడు. పరిగెత్తితే కాస్త ఎత్తాడు, కూర్చుంటే కాస్త గీశాడు. చదునుబల్ల అదే, చేతులు అవే, పనే తలకిందులు. పనులు చూసుకుని ఇంటికెళ్ళే మనిషి నడిచినట్టు నీళ్ళు నడిచేదాకా నాలుగు రోజులు బల్ల వదల్లేదు.

ఎనిమిదో రోజున వాన పడింది. ఆపమని అడగలేదు గనక నిష్ఠూరం ఆడే హక్కు కూడా లేదు. చంద్రరావు గొడుగు వేసుకుని బోదె దగ్గర నిలబడ్డాడు. పైపు నోట్లోంచి ముందు గాలి వచ్చింది. తర్వాత మురికినీళ్ళు వచ్చాయి. ఆ తర్వాత తేటనీళ్ళు, తులసికోట కింద చూసినట్టే, తొందరలేకుండా, ఆగకుండా వచ్చాయి. ఆయన గొడుగు ముడిచి ఆ నీళ్ళు దోసిట పట్టి తల మీద చల్లుకున్నాడు. వానలో నిలబడి తల మీద నీళ్ళు చల్లుకోవడమేంటని కూలీలు అనుకున్నారు గాని అడగలేదు.

పదో రోజుకి గరిక పరిచారు. చచ్చిన చాపల స్థానంలో కొత్తవి వచ్చాయి. డాక్టరుగారు బంతి పెట్టి తోశారు. బంతి తిన్నగా బయల్దేరి, సగం దూరం వెళ్ళి, ఏదో గుర్తొచ్చినట్టు మెల్లగా ఈశాన్యానికి తిరిగి, కన్నం పక్కనుంచి వెళ్ళిపోయింది. చంద్రరావు పార కోసం చుట్టూ చూశాడు.

డాక్టరుగారు మళ్ళీ తోశారు. మళ్ళీ తిరిగింది. ఆయన నడుం మీద చెయ్యి వేసుకుని నేల వంక చూశారు. కంటికి వాలు కనబడలేదు.

"చంద్రరావుగారూ, ఇలా తిప్పడం పెద్దపెద్ద మైదానాల్లో ప్రత్యేకంగా చేయిస్తారండి. దీన్ని బ్రేక్ అంటారు. మీకెలా తెలిసింది?"

"వాస్తండి" అన్నాడు చంద్రరావు.

మిషను మాట మళ్ళీ రాలేదు. చంద్రరావు మాత్రం రోజూ పొద్దున్నే వెళ్ళి, ఈ చివర నుంచి ఆ చివరకి కొబ్బరితాడు ఈడ్చి గరిక మీద మంచు రాల్చి వస్తున్నాడు. తడి నిలిస్తే మళ్ళీ బూజు పడుతుందని డాక్టరుగారి ఫోను చెప్పింది. ఊళ్ళో మాత్రం ఒక్కటే మాట నిలిచింది. చంద్రరావు డాక్టరుగారి పెరట్లో కప్పల చెరువు కట్టాడుట. బాగుచేసిన సంగతి చూడ్డానికి నాలుగున్నర అడుగుల సందు దాటి ఎవరొస్తారు? టీ కొట్టు దగ్గర దొరబాబు ఒక్కడే నవ్వలేదు. నవ్వకపోవడం చంద్రరావుకి ఇంకా కష్టంగా ఉండేది.

వినాయకచవితికి మూడు రోజుల ముందు నుంచి వాయుగుండం పట్టుకుంది. కాలవలు పొంగాయి. గట్లు మునిగాయి. చవితి పొద్దున్న వాన తెరిపిచ్చేసరికి ఊరి చుట్టూ ఎక్కడ చూసినా బురదనీళ్ళే. మారేడు దొరికింది, ఉమ్మెత్త దొరికింది. గరిక మాత్రం దొరకలేదు. ఉన్నదంతా మోకాలి లోతు నీళ్ళ కింద ఉంది. గరిక లేకుండా వినాయకుడికి పూజేంటి?

ఎవరికి ముందు తట్టిందో తెలియదు. చంద్రరావు, వీరవేణి పళ్ళెం పట్టుకుని డాక్టరుగారింటికి వెళ్ళేసరికి సందు నిండా జనం. ఆడవాళ్ళు పళ్ళేలతో, మగవాళ్ళు కవర్లతో. సందు మొగలో తబిత స్టూలు వేసుకుని కూర్చుని, చేతిలో ఆసుపత్రి టోకెన్లు పట్టుకుని ఉంది.

"లైనులో రండి. ఇంటికి ఇరవై ఒక్క జతలే. చెప్పులు ఇక్కడే విప్పాలి. నంబరు పిలిచాకే లోపలికి."

"మాక్కూడానా అమ్మా? ఈయనే కదా చేసింది" అంది వీరవేణి.

"తెలుసండి. నలభై ఒకటి." టోకెను చేతికిచ్చింది తబిత.

లోపల గోల్ఫ్ మడి పొడిగా, కడిగిన పళ్ళెంలా ఉంది. మూడు రోజుల వాన దాని మీద పడినట్టే లేదు. పదిమంది వంగి గరిక కోస్తున్నారు. డాక్టరుగారు గోల్ఫ్ కర్ర పట్టుకుని పక్కన నిలబడి, "అంచుల్లో కొయ్యండమ్మా, అంచుల్లో. కన్నం దగ్గర వద్దండి" అంటున్నారు. దేవుడి పేరు చెప్పి వచ్చినవాళ్ళని వద్దనలేక, కోస్తుంటే చూడలేక నిలబడ్డారు. కన్నం దగ్గరి గరికే లేతగా ఉండటంతో అందరూ అక్కడే కోస్తున్నారు.

సంపూర్ణమ్మగారు వచ్చిన ప్రతి ఒక్కరికీ చెబుతున్నారు. "మా చంద్రావు చేశాడు. నేల చూడండి, ఈశాన్యానికి ఎలా వాలిందో. కింద సంగతి నన్నడక్కండి."

దొరబాబు కూడా వచ్చాడు. అతని టోకెను ముప్పై నాలుగు. గరిక కొయ్యడం మానేసి, కాలితో నేల నొక్కి చూస్తున్నాడు. వంగి చెంప ఆనించి, ఒంటి కన్నుతో ఆ చివరకి చూశాడు. లేచి బోదె వైపు వెళ్ళి, పైపు నోట్లోంచి కారుతున్న తేటనీళ్ళని చూసి, సందులో నిలబడ్డ చంద్రరావు దగ్గరికి వచ్చాడు.

"బాబాయ్, పైనేమో ఇటు, కిందేమో అటు. ఎలా పెట్టావు?"

"నేను పెట్టలేదురా. నీళ్ళు చెప్పాయి."

దొరబాబు బుర్ర గోక్కున్నాడు. "మా కోళ్ళషెడ్డు వెనక అర ఎకరం ఉంది చూడు. మూడు రోజుల్నుంచి చెరువైపోయింది. రేపొకసారి వచ్చి చూస్తావా?"

"అటు దారి ఎంతుంది?"

"పన్నెండడుగులు."

"ట్రాక్టరు పడుతుంది కదరా. నువ్వే చేసుకోవచ్చు."

"నేనే చేశాను బాబాయ్" అన్నాడు దొరబాబు నేల చూస్తూ. "చీలమండ. నాలుగు మూలలా చీలమండే."

చంద్రరావుకి నవ్వొచ్చింది గాని, పండగపూట పిల్లవాణ్ణి నొప్పించడం ఎందుకని ఆపుకున్నాడు. "సరే, పొద్దున్నే వస్తాను. ఒక చెంబు సిద్ధంగా పెట్టు" అన్నాడు.

"నలభై ఒకటీ!" అని కేకేసింది తబిత.

చంద్రరావు చెప్పులు విప్పి మడిలో దిగాడు. ఇన్నేళ్ళూ పీకినప్పుడు చెప్పుకున్న క్షమాపణలన్నీ గుర్తొచ్చాయి. కన్నం జోలికి పోకుండా, అంచున కూర్చుని, ఒక్కొక్క జతే లెక్కపెట్టి కోశాడు.

ఆ సాయంత్రం జనం వెళ్ళాక డాక్టరుగారు బంతి పెట్టి తోశారు. అది ఈశాన్యానికి వంగి, కన్నానికి జానెడు దూరం దాకా వచ్చి, గరిక లేని చోట ఇసుకలో ఆగిపోయింది.

"అది వినాయకుడి వాటా. నువ్వు ఇంకోటి తోసుకో" అన్నారు సంపూర్ణమ్మగారు.

ఇంటి దగ్గర చంద్రరావు చూరు కింద నుంచి చదునుబల్ల దించి కడుగుతున్నాడు. దసరా ఇంకా నెల ఉంది. వీరవేణి పూజలో మిగిలిన రెండు గరికపోచలు తెచ్చి దాని మీద పెట్టింది. పని ఉన్న పనిముట్టు గనక ఈసారి చంద్రరావుకి ఏ సందేహమూ రాలేదు. బయట మళ్ళీ చినుకులు మొదలయ్యాయి. ఆయన ఆకాశం వంక చూశాడు. ఏదైనా అడుగుదామా అని కాసేపు ఆలోచించి, ఏమీ తోచక, చెంబు ఎక్కడుందో వెతకడానికి లోపలికి వెళ్ళాడు.